రైలు గురించి మాట్లాడే ముందు, రైలు కింద ఏముందో చూద్దాం

(సొంతంగా సీఎన్‌సీ రౌటర్, అంటే కంప్యూటర్ నడిపే చెక్కుడు మెషిన్, కట్టుకోవాలనుకునే వడ్రంగి పనివారు, ఐటీఐ విద్యార్థుల కోసం కర్నూలులో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాసింది. ఇక్కడ రైలంటే మెషిన్ భాగాలు జారుతూ నడిచే పట్టా.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళు కాస్త ముందుకు రండి. టేబుల్ మీద పెట్టిన సామాను మీకూ కనపడాలి కదా. డోన్ నుంచి, ఆదోని నుంచి కూడా వచ్చారు, చాలా సంతోషం.

ఒక చెక్కతో మొదలుపెడతాను. ఇదిగో, దీన్ని చేతులు మార్చుకుంటూ చివరి వరస దాకా పంపండి. వేప చెక్క. తలుపు పలక. మధ్యలో తామర పువ్వు, చుట్టూ లత. నా మొదటి మెషిన్ మీద చెక్కింది ఇదే. కళ్ళతో చూస్తే బాగానే ఉంటుంది. వేలు పెట్టి తడమండి. అడుగున చెయ్యి పోనిచ్చి చూడండి. మధ్యలో లోతు ఎక్కువ, అంచులకు పోయేకొద్దీ తక్కువ. అవునా కాదా? డ్రాయింగ్‌లో లోతు అంతటా 4 మిల్లీమీటర్లే. కంప్యూటర్ తప్పు చెప్పలేదు. మోటార్ సరిగ్గానే తిరిగింది. బిట్టు కొత్తది. మరి ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

రైలు నుంచి వచ్చింది. అప్పుడు నేను వాడినవి 16 మిల్లీమీటర్ల గుండ్రటి స్టీలు కడ్డీలు రెండు. పొడవు 3 అడుగులు. రెండు చివర్లా క్లాంపులు పెట్టి పట్టాను, మధ్యలో ఏ ఆధారమూ లేదు. వాటి మీద స్పిండిల్ (బిట్టును తిప్పే మోటారు), దాన్ని పట్టే ప్లేటు, పైకీ కిందికీ నడిపే మోటారు, అన్నీ కలిపి 8 కిలోల బరువు నడుస్తోంది. మన ఇళ్ళలో బట్టలారేసే గడకర్ర ఉంటుంది కదా. తడి దుప్పటి మధ్యలో వేస్తే ఏమవుతుంది? వంగుతుంది. చివరికి జరిపితే? మళ్ళీ తిన్నగా అవుతుంది. నా మెషిన్‌లో జరిగిందీ అదే. స్పిండిల్ మధ్యకు వచ్చినప్పుడు కడ్డీలు వంగాయి, బిట్టు లోతుగా దిగింది. చివరికి వెళ్ళినప్పుడు కడ్డీలు లేచాయి, బిట్టూ లేచింది.

ఎంత వంగాయో లెక్క కడదాం. ఒక్కో కడ్డీ మీద 4 కిలోలు, పొడవు 900 మిల్లీమీటర్లు, లావు 16. చివర్లు ఊరికే ఆనించినట్టు తీసుకుంటే మధ్యలో వంపు 0.9 మిల్లీమీటర్లు వస్తుంది. చివర్లు గట్టిగా బిగిస్తే కొంత తగ్గుతుంది, కానీ పోదు. పైగా అది బరువు ఒక్కటే. చెక్కను కోసేటప్పుడు పడే ఒత్తిడి ఇంకా కలపలేదు.

ఇక్కడ రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. కావాలంటే రాసుకోండి. కడ్డీ పొడవు రెట్టింపు చేస్తే వంపు ఎనిమిది రెట్లు అవుతుంది. కడ్డీ లావు రెట్టింపు చేస్తే వంపు పదహారో వంతుకు పడిపోతుంది. అంటే ఒక అడుగు పొడవున్న చిన్న మెషిన్‌లో బ్రహ్మాండంగా పనిచేసిన కడ్డీ, మూడు అడుగుల మెషిన్‌లో ఎందుకూ పనికిరాదు. ఒక తమ్ముడు నన్ను అడిగాడు, "అన్నా, త్రీడీ ప్రింటర్లలో 8 మిల్లీమీటర్ల కడ్డీలే ఉంటాయి కదా, అవి బాగానే నడుస్తున్నాయి కదా" అని. నడుస్తాయి. అక్కడ ప్లాస్టిక్ తీగ కరిగి కారుతోంది, దేన్నీ కోయడం లేదు. మనం టేకును కోస్తున్నాం. చెక్క ఎదురు తిరుగుతుంది.

కాబట్టి ఆధారం లేకుండా గాల్లో ఉండే కడ్డీల సంగతి ఇంతటితో వదిలేద్దాం. తలుపుల పనికి అవి వద్దు. వి ఆకారం గాడిలో నడిచే ప్లాస్టిక్ చక్రాలు కూడా ఉన్నాయి. థర్మాకోల్‌కి, పేరు పలకలకి, పల్చటి చెక్క మీద గీతలకి పర్వాలేదు. రోజంతా లోతుగా కోస్తే చక్రాలు అరుగుతాయి, మెషిన్‌ను కదలకుండా వదిలేస్తే ఒకచోట నొక్కుకుపోతాయి.

మిగిలినవి రెండు. ఇక్కడ టేబుల్ మీద ఉన్నాయి చూడండి. ఇది ఎస్‌బీఆర్ 20. ఇరవై మిల్లీమీటర్ల గుండ్రటి కడ్డీయే, కానీ పొడవునా అల్యూమినియం దిమ్మె మీద కూర్చుంది. ఎక్కడా గాల్లో లేదు. రెండోది ఇది, హెచ్‌జీఆర్ 20. చదరంగా ఉంటుంది, పక్కల్లో గాళ్ళు ఉంటాయి. దీన్నే ప్రొఫైల్ రైలు అంటారు. ఈ రకాన్ని 1972లో జపాన్‌లో టీహెచ్‌కే కంపెనీ మొదట తెచ్చింది. ఇప్పుడు మనకు ఎక్కువగా వినపడే హైవిన్ తైవాన్ కంపెనీ. వాళ్ళ కొలతలనే అనుసరించి చాలామంది తయారు చేస్తున్నారు కాబట్టి హెచ్‌జీఆర్ అనే పేరు అన్నిటికీ అలవాటైపోయింది.

రైలు మీద జారే ముక్కను బ్లాకు అంటారు. రెండు రకాల బ్లాకుల్లోనూ లోపల ఉండేవి ఉక్కు గుండ్లే. తేడా ఎక్కడుంది? గుండు దేని మీద దొర్లుతోంది అన్నదాంట్లో ఉంది. గుండ్రటి కడ్డీ మీద గుండు పెడితే చుక్కంత చోటే తగులుతుంది. ప్రొఫైల్ రైలులో గుండు గాడిలో దొర్లుతుంది. అరచేతి గుంటలో గోళీ కూర్చున్నట్టు కూర్చుంటుంది. తాకే చోటు ఎక్కువ, మోసే బరువూ ఎక్కువ. పైగా నాలుగు వరసల గుండ్లు 45 డిగ్రీల వాలులో ఉంటాయి. పైనుంచి నొక్కినా, కింద నుంచి లేపినా, పక్కకు తోసినా ఒకేలా మోస్తుంది. ఎస్‌బీఆర్ బ్లాకు అలా కాదు. కింద దిమ్మె ఉంది కాబట్టి బేరింగ్‌ను అడుగున కోసి తెరిచి ఉంచుతారు. ఒక ముక్క విరిగిన గాజులా ఉంటుంది. నొక్కితే బాగా మోస్తుంది. తెరిచిన వైపుకు లాగితే బలం తగ్గుతుంది.

ఇదంతా విన్నాక "అయితే ప్రొఫైల్ రైలే కొనేద్దాం" అనిపిస్తుంది. తొందరపడకండి. నేను ఇవాళ ఇంత దూరం వచ్చింది ఈ ఒక్క మాట చెప్పడానికే.

పెద్దాయనా, మీరు ఈ రైలును రెండు చివర్లా పట్టుకోండి. ఒక మీటరు ముక్క. కొంచెం ఊపండి. ఊగుతోందా? చూశారా అందరూ? ఉక్కు, గట్టిపరిచిన ఉక్కు, అయినా ఊగుతోంది. ఇది తనంతట తాను తిన్నగా నిలిచే వస్తువు కాదు. బోల్టులు బిగిస్తే కింద ఉన్నదాని ఆకారాన్నే పట్టుకుంటుంది. కింద పైపు అర మిల్లీమీటరు వంగి ఉంటే రైలూ అర మిల్లీమీటరు వంగుతుంది. మీరు ఎంత ఖరీదైన రైలు కొన్నా సరే. ఏ ముద్ర ఉన్నా సరే.

ఇంకో సంగతి. గుండ్రటి కడ్డీ మీద బ్లాకు కొంచెం పక్కకు తిరగగలదు. అందుకే రెండు వైపుల ఎత్తులో కాస్త తేడా ఉన్నా ఎస్‌బీఆర్ సర్దుకుంటుంది. ప్రొఫైల్ బ్లాకు తిరగదు. కింద తప్పుంటే బిగుసుకుంటుంది. ఒకచోట వెన్నలా నడుస్తుంది, ఇంకోచోట మోటారు మూలుగుతుంది. అప్పుడు మనం ఏమనుకుంటాం? రైలు నాసిరకం అనుకుంటాం. అమ్మినవాడిని తిడతాం. తప్పు చాలాసార్లు మన వెల్డింగ్‌లో ఉంటుంది.

అందుకని నా సలహా ఇది. మీ ఫ్రేమును చదును చేసుకునే ఓపిక ఉందా? రెండు మూడు వారాలు దాని మీద పెట్టగలరా? అయితే ప్రొఫైల్ రైలు తీసుకోండి. పదేళ్ళు మీకు సేవ చేస్తుంది. అంత తీరిక లేదు, నెలలో మెషిన్ నడవాలి, చదును చేసే దారి లేదు అంటే ఎస్‌బీఆర్ 20 తీసుకోండి. సిగ్గుపడాల్సిన పని లేదు. సరిగ్గా బిగించిన ఎస్‌బీఆర్, తప్పుగా బిగించిన ప్రొఫైల్ రైలు కంటే మంచి తలుపు చెక్కుతుంది. ఎస్‌బీఆర్ 16 మాత్రం వద్దు, ధరలో మిగిలేది తక్కువ.

ప్రొఫైల్ అయితే 15 సైజా, 20 సైజా? అందరూ అడిగే ప్రశ్న ఇది. మోసే బరువు చూసుకుంటే 15 చాలు. ఒక్క బ్లాకే టన్ను పైన మోస్తుంది, మన స్పిండిల్ ఎంత, దాని బరువెంత? అయినా నేను 20 తీసుకోమంటాను. ఎందుకో చెప్తాను. 15 సైజు రైలుకు ఎం4 బోల్టులు, అంటే 4 మిల్లీమీటర్ల లావువి, రంధ్రం 4.5 మిల్లీమీటర్లు. అంటే బోల్టు చుట్టూ మొత్తం అర మిల్లీమీటరే ఖాళీ. 20 సైజుకు ఎం5 బోల్టులు, రంధ్రం 6 మిల్లీమీటర్లు. ఒక మిల్లీమీటరు ఖాళీ. మనం మిల్లింగ్ మెషిన్ మీద రంధ్రాలు వేయడం లేదు. సెంటర్ పంచ్ కొట్టి చేతి డ్రిల్లుతోనో, బెంచ్ డ్రిల్లుతోనో వేస్తాం. ప్రతి 60 మిల్లీమీటర్లకూ ఒక రంధ్రం. మీటరు రైలుకు 16, 17 రంధ్రాలు. చెయ్యి ఎక్కడో ఒకచోట అర మిల్లీమీటరు తప్పుతుంది. తప్పినా రైలును జరుపుకునే చోటు 20 సైజులో ఉంటుంది. రంధ్రంలో మర కోసే ట్యాపు ఎం5 అయితే 4.2 బిట్టు వేయండి. ఎం4 అయితే 3.3. ట్యాపు కొట్టేటప్పుడు కొంచెం నూనె వేసి, అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కు. విరిగిన ట్యాపును పైపులో నుంచి తీయడం ఎంత నరకమో ఇక్కడ చాలామందికి తెలుసు.

పొడవు కొలిచేటప్పుడు జాగ్రత్త. 600 మిల్లీమీటర్ల పని చేయాలి కాబట్టి 600 రైలు చాలు అనుకుంటారు. చాలదు. ఒక రైలు మీద రెండు బ్లాకులు ఉంటాయి. 20 సైజు బ్లాకు పొడవు సుమారు 78 మిల్లీమీటర్లు. రెండు బ్లాకులు, మధ్యలో ఖాళీ కలిపి 200 అనుకోండి. 600కి ఆ 200 కలపాలి. చివర్లలో తగలకుండా చెరో 20. మొత్తం 840. ఇది మర్చిపోయి తక్కువ కొంటే మెషిన్ అంతా కట్టాక పలక సగంలో ఆగిపోతుంది.

ఆ చివర కూర్చున్న తమ్ముడు ఏదో అడుగుతున్నాడు. గట్టిగా చెప్పు నాయనా. ఆ, ఒక రైలుకు ఒక్క బ్లాకు సరిపోదా అంటున్నాడు. మంచి ప్రశ్న. నిచ్చెనను గోడకు చేర్చి పట్టుకోవాలి. రెండు చేతులూ ఒకేచోట పెట్టి పట్టుకుంటే ఎలా ఉంటుంది? ఒక చెయ్యి పైన, ఒక చెయ్యి కింద పెడితే ఎలా ఉంటుంది? అంతే తేడా. బిట్టు కొన రైలుకు 200 మిల్లీమీటర్ల కింద ఉంది అనుకుందాం. ఒక్కటే బ్లాకు, దాని పట్టు 50 మిల్లీమీటర్ల మేరే అనుకోండి. బ్లాకులో 0.02 లూజు ఉంటే, బిట్టు కొన దగ్గర అది 0.08 అవుతుంది. రెండు బ్లాకులు పెట్టి 200 దూరం జరిపితే 0.02 గానే ఉంటుంది. రెండో బ్లాకు కొన్నాక దూరం జరపడానికి పెద్ద ఖర్చు లేదు, ప్లేటూ రైలూ కొంచెం పొడుగు చేస్తే చాలు.

ఇప్పుడు అసలు పని. చదును.

మనం కట్టేది ఎంఎస్, అంటే మామూలు మెత్తటి ఉక్కు, చదరపు పైపుతో. వెల్డింగ్ వేసిన వైపుకు పైపు లాక్కుంటుంది, ఇది వెల్డింగ్ చేసే ప్రతి ఒక్కరికీ తెలుసు. అందుకని ఎప్పుడూ ముందు వెల్డింగ్ అంతా పూర్తి చేయండి, చల్లారనివ్వండి, తర్వాతే రైలు చోటు సంగతి చూడండి. రైలు బిగించాక మళ్ళీ ఎక్కడో చిన్న ముక్క అతికిద్దాం అనుకోకండి. దగ్గరలో పెద్ద మిల్లింగ్ మెషిన్ ఉన్న షాపు ఉంటే ఫ్రేము తీసుకెళ్ళి రెండు పట్టీలూ ఒకే సెట్టింగ్‌లో కోయించండి. అంతకంటే మంచిది లేదు. కానీ మూడడుగుల నాలుగడుగుల ఫ్రేము పట్టే మెషిన్ ప్రతి ఊళ్ళో ఉండదు కదా.

అప్పుడు ఇంకో దారి ఉంది. ఇల్లు కట్టే మేస్త్రీలు రెండు గోడల మట్టం ఎలా చూస్తారు? సన్నటి పైపులో నీళ్ళు నింపి ఒక కొన ఇక్కడ, ఒక కొన అక్కడ పట్టుకుంటారు. నీళ్ళు అబద్ధం చెప్పవు. అదే పనిని ఎపాక్సీతో, అంటే రెండు పాళ్ళు కలిపితే గట్టిపడే జిగురుతో, చేయొచ్చు. నెమ్మదిగా గట్టిపడే, పల్చటి ఎపాక్సీ తీసుకోవాలి. రెండు పైపుల మీదా పక్కలకు టేపుతో చిన్న కట్ట కట్టాలి. ఒక పైపు నుంచి ఇంకో పైపుకు ఒక కాలువ చేయాలి. ఈ కాలువ ముఖ్యం, ఇది లేకపోతే రెండూ వేరు వేరు మట్టాల్లో ఆగుతాయి. అంతా ఒకేసారి కలిపి పోయాలి. ఐదారు మిల్లీమీటర్ల మందం. తర్వాత రెండు రోజులు దాన్ని తాకొద్దు, పక్కన సుత్తి పని పెట్టొద్దు. ఎపాక్సీ తనంతట తాను నీళ్ళలా సర్దుకుంటుంది. అంచుల్లో కట్టను పట్టుకుని కొంచెం పైకి ఎక్కి ఉంటుంది, అందుకే రైలు వెడల్పు కంటే ఎక్కువ వెడల్పు పోసి, అంచులు గీకి తీసేయాలి. నా ఇప్పటి మెషిన్ అలాగే చేశాను. ఓపిక పట్టిన ఆ రెండు రోజులే దాని ప్రాణం.

అది కూడా వద్దనుకుంటే షిమ్ములు, అంటే సందులో పెట్టే పల్చటి రేకులు. కూల్‌డ్రింక్ టిన్ను రేకు సుమారు 0.1 మిల్లీమీటరు ఉంటుంది, కత్తిరించి వాడుకోవచ్చు. ఫీలర్ గేజ్‌తో సందు చూసి, బోల్టుల పక్కన పెట్టుకుంటూ పోవాలి. ఒకాయన కడప బండ చదునుగా ఉంటుంది కదా, దాని మీద పెట్టి చూసుకుంటే పోదా అన్నాడు. కడప బండ పొరలు పొరలుగా చీలుతుంది కాబట్టి కంటికి చదునే. మనం చూస్తున్నది మిల్లీమీటరులో పదో వంతు, ఇరవయ్యో వంతు. ఆ కొలతకు అది చాలదు.

రెండు రైళ్ళు సమానంగా ఉండాలి. మన బండి గాడి తెలుసు కదా. రెండు గాళ్ళు ఒకచోట దగ్గరై ఒకచోట దూరమైతే చక్రం అంచు ఎక్కుతుంది, ఇరుసు కిర్రుమంటుంది. ముందు ఒక రైలును పూర్తిగా సరి చేసి బిగించండి. సన్నటి నైలాన్ దారం లాగి కట్టి దాని పక్కన చూసుకోవచ్చు. బోల్టులు మధ్య నుంచి మొదలుపెట్టి చివర్లకు వెళ్ళాలి. రెండో రైలు బోల్టులు వదులుగా ఉంచండి. గ్యాంట్రీని, అంటే స్పిండిల్‌ను మోసే అడ్డ వంతెనను, రెండింటి మీదా కూర్చోబెట్టి ఒక చివరకు తోయండి, అక్కడ బోల్టు బిగించండి. రెండో చివరకు తోయండి, అక్కడ బిగించండి. తర్వాత మధ్యలో. గ్యాంట్రీయే రెండో రైలును తన చోటుకు తెచ్చుకుంటుంది. డయల్ గేజ్ (చిన్న తేడాను ముల్లుతో చూపేది) ఉంటే మొదటి రైలు బ్లాకు మీద పెట్టి, రెండో రైలు పక్కన నడిపించి చూడండి. గ్యాంట్రీ రైళ్ళకు సరిగ్గా లంబంగా ఉందా లేదా అని చూడ్డానికి మీకు నేను చెప్పక్కర్లేదు. ద్వారబంధానికి ఏం చేస్తారు? మూల నుంచి మూలకు టేపు పట్టి రెండు కొలతలూ ఒకటేనా అని చూస్తారు. ఇక్కడా అంతే.

మన ఊరి ఎండ గురించి ఒక మాట చెప్పాలి. ఇది పుస్తకాల్లో చల్లటి దేశాలవాళ్ళు రాయరు. మన షెడ్లు రేకుల షెడ్లు. డిసెంబరు తెల్లవారుజాముకీ, మే మధ్యాహ్నానికీ తేడా 20 డిగ్రీలు సులభంగా దాటుతుంది. 20 డిగ్రీలకు మీటరు ఉక్కు 0.23 మిల్లీమీటర్లు సాగుతుంది. మీటరు అల్యూమినియం 0.46 సాగుతుంది. ఉక్కు రైలును అల్యూమినియం మీద బిగించామనుకోండి, ఒకటి తక్కువ సాగి, ఒకటి ఎక్కువ సాగి, రెండూ కలిసి విల్లులా వంగుతాయి. చూడ్డానికి అందంగా ఉంటుందని అల్యూమినియం సెక్షన్లతో కట్టాలనుకునేవాళ్ళు ఇది ఆలోచించుకోండి. కర్నూలు ఎండకు నేను ఇనుప ఫ్రేము మీదే ఉక్కు రైలు పెట్టమంటాను. రెండూ ఒకేలా సాగుతాయి.

దుమ్ము సంగతి. చెక్క పొట్టు కంటే ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో అదిమి చేసిన పలక) దుమ్ము చెడ్డది, పిండిలా ఉంటుంది, గ్రీజుతో కలిసి ముద్దవుతుంది. బ్లాకు చివర్లలో రబ్బరు వైపర్లు ఉంటాయి, అవి ఉన్నవే కొనండి. రైలును పని జరిగే బల్ల కంటే కింద, పక్కకు తిప్పి పెడితే దుమ్ము నేరుగా పడదు. బేతంచెర్ల నుంచి వచ్చినవాళ్ళు ఉన్నారు, ఆళ్ళగడ్డ నుంచి శిల్పం పనివాళ్ళూ వచ్చారు. మీకు విడిగా చెప్తున్నాను. రాయి పొడి ఉక్కును సానరాయిలా అరగదీస్తుంది. నీళ్ళతో కలిసిన రాతి బురద ఇంకా చెడ్డది. రాతి పనికి రైళ్ళు బల్ల కంటే ఎత్తులో ఉండాలి, మడతల తొడుగు తప్పనిసరి. చెక్క కోసం కట్టిన మెషిన్ మీద ఒక్కసారే కదా అని బండ పెట్టకండి.

చాలా కొత్త బ్లాకులకు ఉండేది తుప్పు పట్టకుండా రాసిన నూనె మాత్రమే. దాన్ని తుడిచి, లిథియం గ్రీజు ఎక్కించి అప్పుడు నడపండి. బెంగళూరు పాత సామాన్ల బజారులో పెద్ద మెషిన్ల నుంచి ఊడదీసిన రైళ్ళు దొరుకుతాయి, మంచివి కూడా ఉంటాయి. గాడిలో గోరు పెట్టి చివరిదాకా లాగండి. గుంట తగిలితే, తుప్పు చుక్క తగిలితే వదిలేయండి. ఒక కంపెనీ రైలుకు ఇంకో కంపెనీ బ్లాకు ఎక్కించకండి. ఎక్కినంత మాత్రాన గాళ్ళు కలిసినట్టు కాదు.

ఇక నేను మాట్లాడేది చాలు, మీరు చేత్తో పట్టుకుని చూడండి. రెండు రకాలూ ఇక్కడే ఉన్నాయి. ప్రొఫైల్ రైలు మీద బ్లాకును ఒక వేలితో తోయండి, ఎక్కడైనా ఇసుక తగిలినట్టు ఉందేమో గమనించండి. చివరి దాకా మాత్రం తోయకండి, బ్లాకు రైలు దిగిపోతే గుండ్లు రాలిపోవచ్చు. బయటికి తీయాలంటే ఇదిగో ఈ ప్లాస్టిక్ ముక్కను రైలు కొనకు ఆనించి, బ్లాకును దాని మీదకు జరపాలి. ఒకరి తర్వాత ఒకరు రండి. ముందు ఈ అన్నకు ఇవ్వండి, ఆయన తిరిగి ఆదోని బస్సు పట్టుకోవాలి.